మునిగిన వీధికి ఏ ఫ్యాను?

నిన్న పొద్దున మారతహళ్ళి అవతల ఒక లేఔట్‌లో మా పడవ స్పీడ్ హంపులు దాటింది. పడవేమిటి, స్పీడ్ హంపులేమిటి అని మీరు అడిగేలోగా అసలు సంగతి కూడా చెప్పేస్తాను. ఒక మనిషిని టైముకి ఆస్పత్రికి చేర్చింది. పొద్దున్నుంచీ కనబడ్డ ప్రతివాళ్లకీ ఈ కబురు చెబుతూనే ఉన్నాను. పాలబ్బాయికి చెప్పాను. పడవ పెట్టిన అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎవరో తెలియని అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి "సారీ అంకుల్?" అంది. మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. ఇక మిగిలింది మీరే.

మీరంటే, ఔట్‌బోర్డు మోటార్ల సర్వీసులోకి కొత్తగా వస్తున్న పిల్లలు. పడవ వెనక చెక్కకు తగిలించే మోటారే ఔట్‌బోర్డు. దాని కాలు నీళ్లలో మునిగి ఉంటుంది, కాలి చివర ప్రొపెల్లరు తిరుగుతుంది. నా ఉద్యోగమంతా ఆ మోటార్లతోనే గడిచింది. అదీ సముద్రం లేని బెంగళూరులో! డ్యాములకీ, చెరువులకీ, రిసార్టులకీ, రెస్క్యూ వాళ్లకీ మోటార్లు అమ్మే ఒక కంపెనీలో సర్వీసు ఇంజనీరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో రాయను, అది మా ఆవిడకే గుర్తు లేదు. పాడైన ప్రొపెల్లరు బదులు ఏది వెయ్యాలి అన్న ఒక్క విషయం మాత్రం రాస్తాను. ఈ పనిలో సగం తెలివి అందులోనే ఉంది.

ఫ్యాన్లు బిగించే గ్రాడ్యుయేటు

మా వాళ్లది కదిరి వైపు. నాయన బోరు బండి మీద కూలికి వచ్చి బెంగళూరు శివారు యలహంకలో దిగబడిపోయాడు. ఆయన జీవితమంతా నేలలోంచి నీళ్లు పైకి తీశాడు. నేను ఆ నీళ్ల మీద తిరిగాను. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. రిజల్టు వచ్చిన రోజు నేను ఎగురుకుంటూ ఇంటికొస్తే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"జరానికీ డిగ్రీలే, సదువుకీ డిగ్రీలేనా? నీకు ఎన్ని డిగ్రీలు వచ్చిండాయప్పా?"

"ఒకటేమ్మా."

"ఒకటేనా? అంత కష్టపడి సదివితే!"

ఉద్యోగం వచ్చాక ఇంకో చిక్కు వచ్చిపడింది. మా వర్క్‌షాపులో ప్రొపెల్లర్ని ఎవరూ ప్రొపెల్లర్ అనరు, ఫ్యాను అంటారు. నేనూ ఇంట్లో అలాగే అన్నాను. అంతే, యలహంక పాతూరు వీధి వీధంతా నేను ఫ్యాన్లు రిపేరు చేస్తానని మా అమ్మ చెప్పేసింది. ఆదివారం వస్తే చాలు, ఎవరో ఒకరు టేబుల్ ఫ్యాను చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడేవాళ్లు. "ఇది నీళ్లలో తిరిగే ఫ్యానమ్మా" అని ఎంత చెప్పినా, "నీళ్లలో ఫ్యానెందుకురా, చేపలకు ఉక్కపోస్తుందా?" అనేది. చివరికి వైండింగ్ పని నేర్చుకున్నాను, ఆమె పరువు కోసం. ఇప్పటికీ ఆ వీధిలో నేను చుట్టిన ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

కాఫీ ఎందుకు చల్లగా ఉంది

ప్రొపెల్లరు మీద రెండంకెలు ఉంటాయి. మొదటిది దాని వెడల్పు. రెండోది పిచ్. బెంగళూరులో పిచ్ అనగానే పిల్లలు బ్యాటు వెతుక్కుంటారు, ఆ పిచ్ వేరు. స్క్రూని చెక్కలో ఒక చుట్టు తిప్పితే కొంత లోపలికి దిగుతుంది కదా, అలాగే ప్రొపెల్లరు ఒక చుట్టు తిరిగితే పడవ ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో చెప్పే లెక్క అది. పిచ్ ఎక్కువైతే చుట్టు చుట్టుకీ పెద్ద అంగ. తక్కువైతే చిన్న అంగ. పెద్ద అంగ వెయ్యడానికి మోటారుకి బలం కావాలి. ఇంతే శాస్త్రం. మిగతాదంతా ఆ బలం ఎక్కడ పోతోందో కనిపెట్టడమే.

నా మొదటి బాసు కామత్ సార్ మంగళూరు మనిషి. కోపిష్టి, మంచివాడు, కాఫీ విషయంలో మాత్రం రాక్షసుడు. ఆయన తీరంలో స్వయంగా నడిపి చూసిన పడవనే, ఆ మోటారుతో, ఆ ప్రొపెల్లరుతోనే బెంగళూరు దగ్గర ఒక డ్యాముకి పంపించాం. సముద్రంలో ఎగిరిన పడవ ఇక్కడ ముక్కు పైకెత్తి, తోక ఈడ్చుకుంటూ గేదెలా పోయింది. ప్లగ్గులు మార్చాం. కార్బురేటర్ విప్పి కడిగాం. పెట్రోలు కల్తీ అని సార్ సీసాలో పోసి వాసన చూశారు. కొన్నవాళ్లు పడవ వెనక్కి తీసుకుపొమ్మన్నారు.

ఆ మర్నాడు దర్శిని హోటల్లో నిలబడి కాఫీ తాగుతున్నాం. సార్ రోజూ ఉండే గొడవే మొదలుపెట్టారు, మా ఊళ్లో కాఫీ నాలుక కాలుస్తుంది, మీ బెంగళూరు కాఫీ ఎప్పుడూ ఒక మెట్టు చల్లగానే ఉంటుంది అని. కౌంటర్లో కుర్రాడికి విసుగొచ్చింది.

"సార్, కుదీతా ఇదె! ఇన్నేను, బెంకి హాకలా?" అన్నాడు. మరుగుతూనే ఉంది, ఇంకేం చెయ్యమంటారు, నిప్పంటించమంటారా అని.

సార్ లోటా కింద పెట్టేశారు. ఆయన కన్నడలో అన్న మాట తెలుగులో చెబితే ఇది: "రమణా, మనం కొండ మీద ఉన్నాం కదయ్యా!"

నిజమే. ఈ ఊరు దాదాపు మూడు వేల అడుగుల ఎత్తులో ఉంది. ఎక్కడా కొండ కనబడదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. ఎత్తులో గాలి పలచన. అందుకే నీళ్లు నూరు డిగ్రీలు అందుకోకముందే మరిగిపోతాయి, కాఫీ ఒక మెట్టు చల్లబడుతుంది. అదే పలచని గాలి పీల్చే మోటారుకి పదో వంతు దాకా బలం తగ్గుతుంది. తీరంలో వేసిన పెద్ద అంగ ఇక్కడ వెయ్యలేదు. పిచ్ రెండంగుళాలు తగ్గించి వేరే ప్రొపెల్లరు వేశాం. పడవ లేచింది. కామత్ సార్ ఆ దర్శిని కుర్రాడికి మిఠాయి డబ్బా ఇచ్చారు. ఎందుకో వాడికి ఈనాటికీ తెలిసి ఉండదు.

సార్ తరవాత వచ్చిన బాసు గురించి ఒక్క ముక్కే చెబుతాను. "పాతది ఏ నంబరో అదే నంబరు పంపించు, చూడ్డం దండగ" అనేవాడు. పాత నంబరు అడగండి, తప్పకుండా అడగండి. కానీ పాతది వేసినవాడు కూడా ఇలాగే ఎవరినో అడిగి వేసి ఉంటాడని మర్చిపోకండి.

పెద్ద ఫ్యాను, పెద్ద గాలి

ఒక చెరువు పక్క రిసార్టుకి కొత్త మేనేజరు వచ్చాడు. నేను వెళ్లేసరికే ఎక్కడో పట్టుకొచ్చిన పెద్ద పిచ్ ప్రొపెల్లరు బిగించేసి ఉంచాడు. "హాల్లో పెద్ద ఫ్యాను పెడితే పెద్ద గాలి కదా సార్!" అన్నాడు, మా అమ్మకి మేనల్లుడిలా. పడవ నడుస్తుంటే మోటారు మూలుగుతోంది, నల్లగా పొగ కక్కుతోంది.

నేను వాదించలేదు. "మీ జీపులో ఒకసారి ఆ మిట్ట ఎక్కుదాం పదండి, టాప్ గేరులోనే బయల్దేరాలి" అన్నాను. జీపు ఎగిరి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆగింది. మూడోసారి ఆయనే స్టీరింగు మీద నుదురు ఆనించి నవ్వేశాడు. "అర్థమైంది సార్. నా పడవని టాప్ గేరులో ఘాట్ ఎక్కిస్తున్నాను." ఎవరికైనా ప్రొపెల్లరు గురించి చెప్పాల్సి వస్తే వాళ్ల చేతిలో అప్పటికే ఉన్న బండితోనే చెప్పండి.

నీలం తాడు

ఇప్పుడు ఈ ఏటి కథ. వానలకి ముందు ఫిలిప్ అనే కుర్రాడు ఫోన్ చేశాడు. గుంటూరు అబ్బాయి, ఐటీలో పని, మారతహళ్ళి అవతల పల్లంలో ఉన్న ఒక లేఔట్‌లో అపార్ట్‌మెంటు. పెద్ద వాన పడితే అక్కడ రాజకాలువ, అంటే ఊరి వాననీళ్లు పోయే పెద్ద కాలువ, పొంగి వీధులు మునుగుతాయి. అందుకని ఆ వీధివాళ్లు కలిసి ఒక పాత అల్యూమినియం పడవా, ఒక చిన్న సెకండ్ హ్యాండ్ మోటారూ సంపాదించుకున్నారు. పోయినేడు వానకి ఆ ప్రొపెల్లరు విరిగిపోయింది. కొత్తది ఏది కొనాలో చెప్పమని అడిగాడు.

వెళ్లాను. పడవని అపార్ట్‌మెంటు పార్కింగులో, రెండు కార్ల మధ్య, నంబరు వేసి మరీ పెట్టారు. ప్రొపెల్లరు రెక్కల్లో ఒకటి సగానికి లేదు, ఇంకోటి అప్పడంలా మడత పడింది. నా కళ్లు మాత్రం మోటారు నడుముకి చుట్టి ఉన్న నీలం నైలాను తాడు మీద పడ్డాయి.

"ఇదెవరు కట్టారు?"

"నేనే కట్టినాప్పా!" అన్నాడు ముందుకొచ్చి ఒకాయన, సంతోషంగా. ఆయన రెడ్డెప్ప. మూలమీద కిరాణా అంగడి ఆయనదే. తాతల కాలం నుంచీ బెంగళూరే. "హంపు తగిలినప్పుడంతా ఈ మోటారు ఎగురుతా ఉండాది సార్. వెనకాల నుంచి లేసి మూతి మీదికి వస్తాది. అదేమో డిఫెక్ట్ పీస్ మాదిరి ఉండాదని నేనే గట్టిగా కట్టినా. ఆమేలింక ఎగరలా చూడండి!"

"ఎగరలేదు. విరిగింది."

రెడ్డెప్ప మొహం చూడాలి. పోయినేడు హంపు తగిలి రెక్కలు ఎందుకు విరిగాయో ఆయనకి అప్పుడే తెలిసింది.

వినండి పిల్లలూ, ఇది కంపెనీ పుస్తకంలో ఉంటుంది గానీ పుస్తకం రాసినవాడు బెంగళూరు హంపు చూడలేదు. ముందుకి పోయేటప్పుడు మోటారు కాలికి ఏదైనా తగిలితే కాలు వెనక్కి లేవాలి. అందుకే దాన్ని అలా వదులుగా తగిలిస్తారు. వెనక్కి పోయేటప్పుడు మాత్రమే లాకు. ఎగరడం దానికి జబ్బు కాదు, ప్రాణం కాపాడుకునే తీరు. తాడు కడితే ఆ దెబ్బంతా రెక్కలే తింటాయి.

ఫిలిప్ గొంతు తగ్గించి మిగతాది చెప్పాడు. ఆ రోజు పడవలో ఉన్నది జయమ్మ టీచరు. ఆమెకి కిడ్నీలు పనిచెయ్యవు, వారంలో కొన్ని రోజులు డయాలిసిస్‌కి వెళ్లాలి. ప్రొపెల్లరు విరిగి పడవ కొట్టుకుపోయి ఒక పార్కు గేటుకి తగులుకుంది. ట్రాక్టరు వచ్చేసరికి ఆస్పత్రిలో ఆమె వంతు దాటిపోయింది. మర్నాడు వెళ్లేదాకా కాళ్లు ఉబ్బి, ఊపిరాడక కూర్చునే గడిపింది. ఎలక్ట్రానిక్ సిటీలో ఉన్న ఆమె కూతురు అప్పుడే తేల్చి చెప్పేసింది: ఇంకొక్కసారి డయాలిసిస్ తప్పిందంటే ఇల్లు తాళం వేసి నా దగ్గరికి తీసుకుపోతాను అని.

"మీరు పోరా టీచరమ్మా?" అని ఆమెనే అడిగాను, ఇంటికెళ్లి. ముందు గదిలో పిల్లల కోసం నల్లబోర్డు, పెరట్లో కరివేపాకు చెట్టు. సన్నటి మనిషి, గట్టి గొంతు.

"పద్నాలుగో అంతస్తులో నేనేం చేసేదప్పా? పావురాలకు ఎక్కాలు చెప్పాల్నా? ఇక్కడ పదిమంది పిలకాయలు వస్తారు, నేను తిట్టకుంటే వాళ్లకు అన్నం దిగదు." అప్పుడే గుమ్మంలోకి వచ్చిన రెడ్డెప్పని చూసి, "ఏం రెడ్డెప్పా, తాడు తెచ్చినావా? పోయిన తూరి మోటారును కట్టినావు, ఈ తూరి నన్ను కట్టు, ఎగరకుండా ఉంటాను" అంది.

రెడ్డెప్ప రెండు చేతులతో చెవులు పట్టుకున్నాడు. "సాకు టీచరమ్మా, ఇంక చాలు! యాడాదిగా ఇదే అంటా ఉండావు."

ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి నాకు పని అర్థమైంది. నన్ను పడవ వేగం అడగలేదు ఎవరూ. ఒక మనిషి తన ఇంట్లో ఉండడానికి కావలసిన ప్రొపెల్లరు అడిగారు.

ఫ్యూజుకి బదులు మేకు

ఫిలిప్ అప్పటికే ఆన్‌లైన్‌లో చూసేసి ఉంచాడు. "అంకుల్, ఈసారి స్టీల్ వేసేద్దామండి. అల్యూమినియం విరిగింది కదా. స్టీల్ అయితే లైఫ్‌లాంగ్."

"మీ ఊళ్లో ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఏం చేసేవాళ్లు?"

"మా బాబాయి మేకు పెట్టేవాడండి."

"తరవాత?"

"టీవీ కాలిపోయిందండి." ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. "ఓ."

స్టీలు మంచిదే, లోతు నీళ్లలో, వేగం కావలసినవాళ్లకి. వీధిలో హంపులుంటాయి, మ్యాన్‌హోల్ మూతలుంటాయి, ఎవరో మర్చిపోయిన స్కూటరు ఉంటుంది. స్టీలు రెక్క విరగదు. ఆ దెబ్బ లోపలికి పోయి గేర్లను పిండి చేస్తుంది. అల్యూమినియం రెక్క వంగి గేర్లను బతికిస్తుంది. ప్రొపెల్లరు నడుములో ఒక రబ్బరు బుష్ కూడా ఉంటుంది, అది కూడా దెబ్బ తగిలితే జారడానికే ఉంది. చవకది చెడి ఖరీదైనదాన్ని కాపాడాలి. అల్యూమినియం అన్నాను, రెండు కొనమన్నాను. రెండోది పడవలోనే ఉండాలి, దాని నట్టూ, నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్నూ, కటింగ్ ప్లేయరుతో సహా. అలమరలో ఉన్న విడి ప్రొపెల్లరు ఎవరినీ గట్టుకి చేర్చదు.

విరిగినదాన్ని వెల్డింగ్ షెడ్డులో అతికించి సరిచేయిద్దామని ఒకరన్నారు. వద్దు. సుత్తితో సరిచేసిన రెక్క కంటికి సరిగ్గానే కనబడుతుంది, తిరిగేటప్పుడు మాత్రం వణుకుతుంది. ఆ వణుకుకి సీలు అరిగి గేరుబాక్సులోకి నీళ్లు పోతాయి. నా అనుభవంలో అలా చచ్చిన మోటార్లు చాలా ఉన్నాయి.

బియ్యం బస్తాల ప్రయాణం

ఇక పిచ్ ఎంత? పాతదాని నడుము మీద తొమ్మిదింపావు బై పది అని కొట్టి ఉంది. పది మంచి అంకెలాగే వినిపిస్తుంది. కానీ అది ఒకరిద్దరు కూర్చుని చేపలు పట్టుకునే పడవకి. మన పడవలో ఒక రోగి, పట్టుకోవడానికి ముగ్గురు, ప్లాస్టిక్ కుర్చీ, తెడ్లు. పైగా ప్రొపెల్లరు చుట్టూ రింగు గార్డు పెట్టి తీరాలన్నాను, ఎందుకంటే మునిగిన వీధిలో మనుషులు నడుస్తుంటారు. గార్డు కూడా కొంత బలం తింటుంది. ఊరి ఎత్తు కొంత తింటుంది. ఇన్ని తిన్నాక మోటారుకి మిగిలేదెంత?

ఊహించకూడదు, కొలవాలి. వర్క్‌షాపులో పాత సైజు ప్రొపెల్లరు అరువు తెచ్చాను. ఒక చెరువులో అనుమతి తీసుకుని పడవ దించాం. బరువు కోసం మనుషుల్ని ఎక్కించడం నాకిష్టం లేదు. రెడ్డెప్ప అంగడిలోంచి సోనా మసూరి బస్తాలు టార్పాలిను చుట్టి తెచ్చాడు. ఒక బస్తాని కుర్చీలో కూర్చోబెట్టి, "టీచరమ్మా, జాగ్రత్త" అని దానికి దండం కూడా పెట్టాడు.

నడుపుతున్నది ఫిలిప్. పూర్తిగా తిప్పమన్నాను. నిమిషానికి ఎన్ని చుట్లో కొలిచే మీటరు నాలుగున్నర వేల దగ్గర ఆగిపోయింది. ఆ మోటారు పుస్తకం అయిదు వేల నుంచి ఆరు వేలు ఉండాలంటుంది. మోటారు గొంతులో అదే మూలుగు. ప్రొపెల్లరు విప్పి ఎనిమిది పిచ్‌ది వేశాం. ఈసారి ముల్లు అయిదు వేలు దాటింది. మోటారు పాడటం మొదలుపెట్టింది.

"స్పీడ్ పెద్దగా పెరగలేదుగా అంకుల్?" అన్నాడు ఫిలిప్, కొంచెం నీరసంగా.

"స్పీడ్ ఎందుకు? వీధిలో స్పీడుగా పోతే అలలు లేచి ఇళ్లలోకి నీళ్లు తోస్తావు. లోపల్నుంచి అట్లకాడలు విసురుతారు. రాజకాలువ అడ్డంగా పారే చోట పడవని నిలబెట్టగలగాలి, అంతే."

దిగేటప్పుడు కుర్చీలో బస్తా జారి చెరువులో పడింది. దాన్ని పైకి లాగేసరికి బాగా నానింది. ఆ వారమంతా ఆ వీధిలో అందరిళ్లలో దోసెలే. "నా బదులు ఒకరు మునిగినారంట గదా" అని జయమ్మ టీచరు కూడా దోసె తెప్పించుకుందట.

ఎర్ర బాణాలు

మిగిలింది రెడ్డెప్ప చేసిన పని, ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నీళ్లు కమ్మితే హంపు ఎక్కడుందో తెలియదు కదా. ఆయన ఎర్ర రంగు డబ్బా పట్టుకుని టీచరు ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ప్రతి హంపుకీ ఎదురుగా కాంపౌండు గోడ మీద, మనిషి ఎత్తున, కిందికి చూసే బాణం వేసుకుంటూ పోయాడు. ఒకింటాయన బయటికొచ్చి వాస్తుకి దోషం కాదా అని అడిగాడు.

"దోషం బాణంలో లేదు సార్, కింద ఉండే హంపులో ఉండాది. దాన్ని తీపియ్యి, బాణం నేను తుడిచేస్తా" అన్నాడట.

మీకు నేను చెప్పేది ఒకటే. మోటారు ఎవరికైనా బిగించి ఇచ్చే ముందు, అది పోయే దారి మొత్తం ఒకసారి కాళ్లతో నడవండి.

నిన్న

మొన్న సాయంత్రం మబ్బు చూసే నేను వెళ్లి ఫిలిప్ ఫ్లాటులో మకాం వేశాను. తెల్లారేసరికి వీధి లేదు, చెరువు ఉంది. కరెంటు తీసేశారు. నిన్ననే టీచరుకి డయాలిసిస్. కూతురు అప్పటికే ఫోన్లో ఉంది, స్పీకరు పెట్టి టీచరు ఆమెతో మాట్లాడుతూనే పడవెక్కింది.

"అమ్మా, మళ్లీ ఆ పడవేనా?"

"పడవ అదే, ఫ్యాను కొత్తది. పెట్టెయ్ పాపా, నాకు చేతులు కావాల, పట్టుకోనీకి."

ఫిలిప్ మోటారు దగ్గర, రెడ్డెప్ప టీచరు కుర్చీ దగ్గర, ముందు నేను వెదురు గడతో. ఎర్ర బాణం రాగానే నేను చెయ్యెత్తేవాణ్ని, ఫిలిప్ మోటారు తగ్గించేవాడు, పడవ దాని మీదుగా జారిపోయేది. ఎదురుగా ఎవరైనా నడిచొస్తే మోటారు పూర్తిగా ఆపేసి తెడ్లు వేశాం. మేడల మీంచి పిల్లలు "టీచర్! టీచర్!" అని చేతులూపుతుంటే, "లీవు లేదు! ఎక్కాలు రాసిపెట్టండి!" అని అరిచింది.

రాజకాలువ పొంగి రోడ్డుకి అడ్డంగా పారే చోటు వచ్చింది. సరిగ్గా నడిమధ్యన మోటారు గుడగుడమని ఆగిపోయింది. పడవ పక్కకి తిరగడం మొదలైంది. అటువైపే పోయినేటి పార్కు గేటు. నేనూ రెడ్డెప్పా ఒక ఇంటి గేటు ఊచలు పట్టుకుని పడవని ఆపాం. ఫిలిప్ మోటారు పైకెత్తాడు. గార్డు సందులోంచి దూరి ప్రొపెల్లరుకి ఏదో ఫ్లెక్సీ చుట్టుకుంది. కత్తితో కోసి లాగాడు. ఎవరో లీడరు పుట్టినరోజు ఫ్లెక్సీ, సగం మొహం, నిండా నవ్వు.

టీచరు ఆ మొహాన్ని పరీక్షగా చూసింది. "ఎవరప్పా ఈయప్ప? నడి కాలువలో ఆపి ఓటు అడిగేంత పనేం పడింది?"

ముగ్గురం నవ్వాం. ఫిలిప్ మోటారు దించి స్టార్ట్ చేశాడు. "పూర్తిగా తిప్పు" అన్నాను. మేం గేటు వదిలేశాం. నీళ్లు పడవని ఒక పక్క నుంచి తోస్తున్నాయి, మోటారు ఇంకో పక్కకి తోస్తోంది. ఒక క్షణం పడవ ఎటూ పోలేదు, ఉన్నచోటే నిలబడింది. నేను చెవులు రిక్కించాను. మూలుగు లేదు. పాట. చిన్న చిన్న అంగలు వేసుకుంటూ మా పడవ ఆ పారే నీళ్లని దాటింది.

అవతలి గట్టు ఇంక కనబడుతోంది, అంబులెన్సు లైటు తిరుగుతోంది. ఆ సంతోషంలో చివరి బాణం నాకు కనబడలేదు. ధన్! మోటారు కాలు హంపుకి తగిలి గాల్లోకి లేచింది.

"అయ్యో, ఎగిరింది! మళ్లీ ఎగిరింది!" టీచరు కుర్చీ గట్టిగా పట్టుకుంది.

రెడ్డెప్ప వెనక్కి తిరిగైనా చూడలేదు. "ఎగరనీ టీచరమ్మా. అది ఎగరల్ల. ఎగరకుంటేనే తప్పు."

మోటారు దానంతటదే కిందికి వచ్చి నీళ్లలో కూర్చుని మళ్లీ తిరిగింది. రెక్క అంచున చిన్న నొక్కు, అంతే. నీళ్లు తీశాక ఇందాకే ఫిలిప్ వాళ్ల పార్కింగుకి వెళ్లి తడిమి చూసుకున్నాను.

ఆస్పత్రిలో ఆమె వంతు ఇంకా రాకముందే చేరాం. మంచం మీద పడుకుని టీచరు కూతురికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. "వచ్చేసినా పాపా, అందరికన్నా ముందొచ్చినా. ఆటోకన్నా ఈ పడవే మేలు, వాన పడిందని ఒన్ అండ్ హాఫ్ చార్జీ అడగదు." అవతల్నుంచి కూతురి గొంతు: "సరేలేమ్మా. నీ ఇంట్లోనే ఉండు."

సాయంత్రం యలహంక చేరేసరికి అమ్మ వరండాలో కూర్చుని ఉంది. నా ప్యాంటు నిండా బురద.

"రిటైరయినావు గదప్పా, ఇంకా యాడ తిరుగుతాండావు?"

ఇన్నేళ్లలో ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు, ప్రొపెల్లరమ్మా, నీళ్లలోదమ్మా, పడవదమ్మా అని. నిన్న దిద్దబుద్ధి కాలేదు.

"మారతహళ్ళి పక్క ఒక ఫ్యాను బిగించినానమ్మా."

"గాలి బాగా వస్తాండాదా?"

"వస్తాండాదమ్మా. ఒక టీచరమ్మకు ఊపిరి ఆడకుండా ఉండె. ఇప్పుడు హాయిగా ఆడుతాండాది."

మా అమ్మ తల ఊపింది, ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టిందే అన్నట్టు.

"మరి ఫ్యాను ఉండేది దానికే గదప్పా."